మా వీధి ఆడవాళ్ళ బరువు, నడుము: నాలుగు నెలల కొలతల డైరీ

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. నేను జాకెట్లు, పంజాబీ డ్రస్సులు కుడతాను. మా పొదుపు సంఘంలో 34 మంది ఉన్నారు. వాళ్ళ ఎత్తు ఒకసారి, బరువు, నడుము నెలకోసారి తీసి కార్డు మీద రాసిస్తున్నాను. 1936లో రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు ఒడిశాలోకి వచ్చింది కానీ ఇళ్ళలో మాట తెలుగే. ఆస్పత్రి గోడ మీద చార్టు ఒడియాలో ఉంటుంది, మావాళ్ళలో సగం మందికి అది చదవరాదు. అందుకే కార్డులు తెలుగులో రాశాను.

ఎవరైనా తమ వీధిలో ఇదే పని పెట్టుకుంటే నేను పడిన చోట పడకూడదని ఈ డైరీ. మొదటి మూడు వారాలు సరైన కొలత ఒక్కటీ రాలేదు. ఎందుకు రాలేదో వివరంగా రాస్తున్నాను.

దశ 1: తూకం మిషను (నవంబరు మొదటి రెండు వారాలు)

గాజు పలక ఉన్న డిజిటల్ మిషను కొన్నాను, 1,050 రూపాయలు. మొదటి రోజు నేనే మూడుసార్లు ఎక్కాను. మూడుసార్లూ 62.4. మిషను నమ్మకమైనదే అనుకున్నాను. అక్కడే తప్పాను.

మర్నాడు పావులీటరు నీళ్ళసీసా చేత్తో పట్టుకుని ఎక్కాను. అప్పుడూ 62.4 చూపించింది. పావుకిలో ఎక్కడికి పోయింది? ఇలాంటి మిషన్లలో కొన్ని పాత అంకెను గుర్తుపెట్టుకుంటాయి. కొత్త బరువు పాతదానికి దగ్గరగా ఉంటే తూచిందాన్ని పక్కనపెట్టి పాతదే మళ్ళీ చూపిస్తాయి. అంటే నా మూడు తూకాల్లో నిజంగా తూచింది ఒక్కటే. మిగతా రెండూ అది తలచుకుని చెప్పినవి.

దీనికి మందు ఇది:

1. మనిషి ఒకసారి ఎక్కి దిగాలి. అంకె రాసుకోవాలి.
2. మిషను మీద బియ్యం డబ్బా లాంటి వేరే బరువు ఏదైనా పెట్టి తీయాలి. దాంతో పాత అంకె చెరిగిపోతుంది.
3. మనిషి మళ్ళీ ఎక్కాలి. ఇప్పుడొచ్చేది నిజమైన రెండో తూకం.

ఇలా చేస్తే నాకు 62.4, 62.3, 62.5 వచ్చాయి. ఈ కొద్దిపాటి తేడాని చూశాకే మిషను మీద నమ్మకం కుదిరింది.

తరవాత అసలు అంకె సరైనదేనా అని చూడాలి. మా వీధి చివర బియ్యం కొట్టాయన దగ్గర ముద్ర ఉన్న 20 కిలోల ఇనప రాళ్ళు మూడు అరువు తెచ్చాం. ఇంటి లోపల సిమెంటు గచ్చు మీద 20 పెడితే 20.1, 40 పెడితే 40.2, 60 పెడితే 60.3 చూపించింది. ఇది పరవాలేదు. అవే మూడు రాళ్ళు పెరట్లో ఇటికల నేల మీద 58.8కి దిగాయి. గోనెపట్టా మీద 57.9.

ఈ మిషనుకి నాలుగు కాళ్ళుంటాయి. ఒక్కో కాలిలో చిన్న లోహపు ముక్క ఉంటుంది. బరువుకి అది ఇసుమంత వంగుతుంది, ఆ వంపునే మిషను అంకెగా మారుస్తుంది. ఒక కాలు గుంతలో దిగినా, మెత్తటి పట్టా కింద నుంచి పలకని తాకినా, ఆ బరువు కాళ్ళ మీద పడదు, లెక్కలోకి రాదు. ఆడవాళ్ళందరూ పెరట్లో చేరితే కబుర్లకి బాగుంటుందని అక్కడ పెట్టాను. రెండు కిలోలు అక్కడే పోయాయి.

తాపీమేస్త్రీ దగ్గర మిగిలిన కడప బండ ముక్క దొరికింది, రెండడుగులు బై రెండడుగులు. వసారాలో ఇసక పోసి దాని మీద పరిచి, రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూసుకున్నాం. బండ మీద 60 కిలోలకి 60.2. నాలుగు నెలలుగా మిషను ఆ బండ దిగలేదు. ప్రతి కొలత రోజూ పొద్దున్నే ముందు ఒక 20 కిలోల రాయి ఎక్కిస్తాను. 19.9 నుంచి 20.2 లోపల రాకపోతే ఆ రోజు ఎవర్నీ తూచను.

*ఇప్పటిదాకా ఖర్చు: మిషను 1,050, బండ, రిక్షా కలిపి 150, బటన్ బ్యాటరీ 40. మొత్తం 1,240. కొలిచినవాళ్ళు: సున్నా.*

దశ 2: ఎత్తు (నవంబరు మూడో వారం)

ఎత్తు పెద్దవాళ్ళకి ఒకసారి తీస్తే చాలు. కానీ ఆ ఒక్కసారి తప్పితే ప్రతి నెలా తప్పు లెక్కే వస్తుంది. అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగాను.

నా కుట్టు టేపునే గోడకి అంటించాను. మా చెల్లి ఎత్తు 150 వచ్చింది. పాత ఆధార్ ఫారం నింపినప్పుడు ఇంకా ఎక్కువ చెప్పిన గుర్తు ఉందంటుంది. అనుమానం వచ్చి హార్డువేరు కొట్లో ఇనప టేపు కొని పక్కపక్కన పెట్టాను. నా టేపు మీద 150 అని ఉన్న చోట ఇనప టేపు 151.4 చూపించింది.

ఆ టేపుతో పదకొండేళ్ళుగా కుడుతున్నాను. ఒక్క జాకెట్టూ బిగువైందని, వదులైందని వెనక్కి రాలేదు. చాలాసేపు ఆలోచిస్తే కారణం తట్టింది. కొలిచేదీ ఆ టేపుతోనే, గుడ్డ మీద గీత గీసేదీ ఆ టేపుతోనే. రెండు చోట్లా ఒకే తప్పు, కాబట్టి తప్పు కనబడదు. బరువు లెక్కలో అలా కుదరదు. ఎత్తు నా టేపుది, కిలోలు మిషనువి, ఎక్కువ, తక్కువ అని చెప్పే గీతలు డాక్టర్లవి. ఈ మూడూ ఒక్కచోట చేరాలంటే టేపు ఊళ్ళో అందరి టేపుతో సమానంగా ఉండాలి.

ఆ తేడా ఎంత చేస్తుందో చూడండి. బీఎంఐ అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే అంకె. బరువుని కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 58 కిలోలని 1.50తో రెండుసార్లు భాగిస్తే 25.8. 1.514తో భాగిస్తే 25.3. సాగిన టేపు మనిషిని పొట్టి చేసి, ఆ పేరున లావు చేసింది. ఎత్తులో ఒక శాతం తప్పు బీఎంఐలో రెండు శాతం అవుతుంది.

ఎత్తు తీసే పద్ధతి చివరికి ఇలా నిలిచింది:

1. ఇనప టేపుతో గోడ మీద 130 నుంచి 175 వరకు సెంటీమీటరు గీతలు పెన్సిలుతో గీయాలి. గోడ కింద గచ్చు పట్టీ ముందుకి పొడుచుకొచ్చి ఉంటే ఆ గోడ వద్దు. మడమలు ఆనవు.
2. చెప్పుల్లేకుండా మడమలు, పిరుదులు, వీపు గోడకి ఆనించాలి.
3. జుట్టు ముడి విప్పాలి. ముడి గోడకి తగిలితే తల ముందుకి వంగుతుంది, ఎత్తు తగ్గుతుంది. నడినెత్తిన కొప్పు పెడితే పెరుగుతుంది.
4. చూపు నేరుగా ఉండాలి. కంటి కొన, చెవి రంధ్రం ఒకే మట్టంలో ఉన్నాయో లేదో పక్కనుంచి ఇంకొకరు చూడాలి.
5. తల మీద వడ్రంగి మూలమట్టం పెట్టాలి. ముందు పుస్తకం పెట్టి చూశాను. అది ఒరిగి ఒకే మనిషికి రెండు సెంటీమీటర్ల తేడా ఇచ్చింది.

పొద్దుటికి, సాయంత్రానికి మనిషి ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. రోజంతా నిలబడితే వెన్నుపూసల మధ్య మెత్తలు అణుగుతాయి. అందుకే అందరిదీ పొద్దున్నే తీశాను.

మా పెద్దత్తకి నడుం వంగిపోయింది, గోడకి ఆనలేదు. "ఏటే, నానేటి ఎద్దునా ఇలా నిలబెట్టి సూడ్డానికి?" అంది. ఆమె మాట నిజమే. వంగిన మనిషి ఎత్తుతో లెక్క కడితే బీఎంఐ ఉత్తినే ఎక్కువ వస్తుంది. ఆమె కార్డు మీద బీఎంఐ గడి కొట్టేశాను. బరువు నెలనెలా ఎటు పోతుందో, అది మాత్రం రాస్తున్నాను.

*ఇప్పటిదాకా ఖర్చు: ఇనప టేపు 110. మూలమట్టం మా ఎదురింటి వడ్రంగి మామయ్యది. మొత్తం 1,350.*

దశ 3: బట్టలు, నడుము (నవంబరు నాలుగో వారం)

బట్టలు ఎంత బరువో ఎవరూ పట్టించుకోరు. వంటింటి కాటా మీద తూచాను. నూలుచీర, లంగా, జాకెట్టు కలిపి 780 గ్రాములు. చలికాలపు శాలువా 450. ఒకావిడ కొంగున కట్టుకున్న తాళాలగుత్తి 160. ఒక నెల చీరతో, ఇంకో నెల చీర, శాలువాతో వస్తే అరకిలో పెరిగినట్టు కనబడుతుంది.

ఈ చిక్కు నా పనిలోదే కాబట్టి కుట్టి తీర్చాను. పలచని నూలుగుడ్డతో రెండు నైటీలు, చిన్నది 280 గ్రాములు, పెద్దది 310. అందరూ లోపలి గదిలో అవి వేసుకుని మిషను ఎక్కుతారు. ఎవరు వేసుకున్నా 300 గ్రాములు తీసేస్తాను. పది గ్రాములు, ఇరవై గ్రాముల తేడా మిషనుకి ఎలాగూ కనబడదు.

ఇక నడుము. పనంతటిలో ఎక్కువ కష్టపెట్టింది ఇదే. నాకున్న అనుభవమే నాకు అడ్డొచ్చింది.

మొదట నా పాత కొలతల పుస్తకాలు తీశాను. పదకొండేళ్ళ నడుము కొలతలు నా దగ్గరే ఉన్నాయి కదా, ఎవరికి ఎంత పెరిగిందో చూడొచ్చని. రెండు రాత్రులు కూర్చుని ఎక్కించాను. మూడో రాత్రి ఆపేశాను. జాకెట్టుకి మేం "నడుం" అని రాసుకునేది గుండెల కింద, జాకెట్టు అంచు దగ్గర. డాక్టర్లు అడిగేది అంతకంటే బాగా కింద. ఆ పుస్తకంలో ఉన్నది వేరే చోటు కొలత. పక్కన పెట్టేశాను.

రెండో చిక్కు మాటలో ఉంది. "నడుం చూపించు" అంటే మావాళ్ళు చీర ముడేసే చోట చెయ్యి పెడతారు. ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ ఒడియాలో "అంటా" అంటుంది, అప్పుడూ అక్కడే పెడతారు. ఒకావిడ ముడి బొడ్డు కింద నాలుగు వేళ్ళకి, ఇంకొకావిడ ముడి బొడ్డు మీద. కొలవాల్సింది ముడి ఉన్న చోట కాదు. ఎముకలు చెప్పే చోటు ఒకటి ఉంది:

1. పక్కన చెయ్యి పెట్టి చివరి పక్కటెముక అంచు పట్టుకోవాలి. అక్కడ కాటుక చుక్క.
2. కిందకి జరిగి తుంటి ఎముక పై అంచు పట్టుకోవాలి. అక్కడ ఇంకో చుక్క.
3. రెండింటికీ సరిగ్గా మధ్యన మూడో చుక్క. టేపు పోవాల్సింది దాని మీదుగా.
4. టేపు చర్మానికి ఆనాలి, లోపలికి దిగకూడదు. వెనక జారిందేమో అద్దంలో చూడాలి.
5. మామూలుగా ఊపిరి వదిలాక, మళ్ళీ పీల్చేలోపు చదవాలి.
6. రెండుసార్లు తీయాలి. ఒక సెంటీమీటరు కంటే తేడా వస్తే మూడోసారి.

చుక్కలు పెట్టక ముందు ఒకే మనిషికి నా రెండు కొలతల మధ్య రెండు, మూడు సెంటీమీటర్లు తేడా వచ్చేది. చుక్కలు పెట్టాక ఒకటి లోపలికి దిగింది. పొట్ట లోపలికి లాక్కునేవాళ్ళు చాలామంది. వద్దంటే ఇంకా లాక్కుంటారు. చివరికి "పొద్దున్న ఏం వండావు?" అని అడగడం మొదలెట్టాను. జవాబు చెప్పేటప్పుడు ఊపిరి వదులుతారు, పొట్టా వదులుతారు.

*ఇప్పటిదాకా ఖర్చు: నైటీల గుడ్డ 260, సాగని ఫైబర్ టేపులు రెండు 90. మొత్తం 1,700. మొదటి విడత కొలిచినవాళ్ళు: 31. గర్భిణులు ఇద్దర్ని, బాలింత ఒకర్ని తూచలేదు. వాళ్ళకి ఈ లెక్క వర్తించదు. పిల్లల్ని తెచ్చినా తూచలేదు, వాళ్ళ చార్టులు వేరు, అంగన్‌వాడీలో ఉంటాయి.*

దశ 4: లెక్క, నేను తప్పు చెప్పిన ఏడు ఇళ్ళు (డిసెంబరు)

ఫోనులో ఒక లెక్కల యాప్ పెట్టుకున్నాను. అది 25 లోపు ఉంటే ఆకుపచ్చ రంగు చూపించేది. ఆ రంగు చూసి 23కీ 25కీ మధ్యనున్న ఏడుగురికి "నీకు సరిగానే ఉంది" అని చెప్పేశాను.

సరిగా లేదు. 25 అన్న గీత మొదట ఎక్కువగా యూరపు, అమెరికా మనుషుల్ని చూసి గీసింది. అదే బీఎంఐ దగ్గర మనవాళ్ళ ఒంట్లో కొవ్వు ఎక్కువ, షుగరు ముందే వస్తుంది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా వాళ్ళు 23 దగ్గరే జాగ్రత్తపడాలన్నారు. 2009లో మన దేశపు వైద్యులు ఇంకా స్పష్టంగా చెప్పారు: 22.9 వరకు సరైనది, 23 నుంచి ఎక్కువ, 25 నుంచి ఊబకాయం. కింది గీతగా నేను 18.5 పెట్టుకున్నాను, అంతకంటే తక్కువైతే బరువు తక్కువ. నడుము ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదు.

ఆ ఏడు ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళాను. ఒకావిడ అడిగింది, "మొన్న బాగున్నానన్నావు, ఈరోజు ఎక్కువున్నానంటావు. ఏది నమ్మమంటావమ్మా?" అంకె మారలేదు, నేను పెట్టిన గీత తప్పు అని ఒప్పుకున్నాను. ఈ పని చేసేవాళ్ళు ఎవరికైనా అంకె చెప్పే ముందు ఏ గీతతో పోలుస్తున్నారో చూసుకోండి. ఒకసారి "బాగుంది" అన్న మాట మనసులోంచి తీయడం చాలా కష్టం.

ఇంకో అంకె మా వీధిలో తిరుగుతోంది, "ఆడదానికి 55 కిలోలు" అని. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఎంత తినాలో లెక్కకట్టడానికి ఒక నమూనా స్త్రీని పెట్టుకుంది: 55 కిలోలు, ఎత్తు 162 సెంటీమీటర్లు. బీఎంఐ 21. మా సంఘంలో 162 ఎత్తున్నవాళ్ళు ఒక్కరూ లేరు. 150 ఎత్తున్న మనిషికి అదే 55 అంటే 24.4. అందుకని కార్డు వెనక ఎత్తుల వారీగా సరైన బరువు రాశాను, బీఎంఐ 18.5 నుంచి 22.9 లెక్కన, రెండు వైపులా లోపలికే సవరించి:

- 145 సెం.మీ.: 39 నుంచి 48 కిలోలు
- 150 సెం.మీ.: 42 నుంచి 51
- 155 సెం.మీ.: 45 నుంచి 55
- 160 సెం.మీ.: 48 నుంచి 58

మొదటి విడత 31 మంది ఇలా పడ్డారు. 18.5 కంటే తక్కువ నలుగురు. సరైన దాంట్లో 11. ఎక్కువలో ఏడుగురు. 25 దాటినవాళ్ళు తొమ్మిది మంది. పెద్దత్త వంగక ముందు తీసిన పాత ఎత్తు ఇంట్లో ఉంటే, ఈ లెక్క వరకు అది వాడాను. నడుము 80 దాటింది 17 మందికి.

నన్ను ఆపింది మధ్య గడి. సరైన బరువున్న 11 మందిలో నలుగురికి నడుము 80 దాటింది. వాళ్ళలో మా వదిన ఒకర్తి. 151 సెంటీమీటర్లు, 46.8 కిలోలు, బీఎంఐ 20.5. "సన్నగా ఉంది, ఆవిడకేం" అంటారు అందరూ. నడుము 85. అటువైపు, 25 దాటినవాళ్ళలో ఇటికలు మోసే ఆమెకి నడుము 78 మాత్రమే. భుజాలు, తొడలు రాయిలా ఉంటాయి. మిషనుకి కండా ఒకటే, కొవ్వూ ఒకటే.

ఈ సూత్రాన్ని 1832లో బెల్జియం గణితజ్ఞుడు క్వెట్లె జనసమూహాల సగటు చూడ్డానికి కట్టాడు. బీఎంఐ అన్న పేరు 1972లో ఆన్సెల్ కీస్ పెట్టాడు. గుంపుకి కట్టిన లెక్క ఒక మనిషి పొట్ట లోపల ఏముందో ఎలా చెబుతుంది? పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఈ రెండు అంకెలూ వదిన కార్డు వెనక రాసిచ్చాను. మర్నాడు పరగడుపున షుగరు చూపించుకుంది. 118 వచ్చింది. 100 నుంచి 125 దాకా షుగరు జబ్బుకి ముందు దశ, 126 నుంచి జబ్బు.

నలుగురు తక్కువ బరువు వాళ్ళని మర్చిపోవద్దు. అడిగేవాళ్ళంతా తగ్గడం గురించే అడుగుతారు. అందులో ఒకామె 148 సెంటీమీటర్లు, 36.8 కిలోలు, బీఎంఐ 16.8. ఏడాదిలో రెండుసార్లు జాకెట్లు కుదించాను, అప్పుడు కూడా అడగలేదు. ఏ ప్రయత్నం లేకుండా బరువు పోతోందంటే డాక్టరుకి చూపించాల్సిందే. వెంటబెట్టుకుని వెళ్ళాను. తెమడ పరీక్షలో ఏమీ లేదు, రక్తం బాగా తక్కువ. ఐరన్ మాత్రలు వాడుతోంది.

*ఇప్పటిదాకా ఖర్చు: కార్డులు, పెన్నులు 60. మొత్తం 1,760. రెండో విడత 29 మంది. మొత్తం కొలతలు: 60.*

దశ 5: సంక్రాంతి, తాడు (జనవరి, ఫిబ్రవరి)

మూడో విడత పండగైన అయిదో రోజు పెట్టాను. దాదాపు అందరూ పెరిగారు. అరిసెలు, జంతికలు, ఉప్పుచేపలు. కొందరు కార్డు చూసి ఏడుపు మొహం పెట్టారు. నేను కూడా కంగారుపడి, 14 రోజులు పొద్దుటా రాత్రీ నా బరువే తూచుకున్నాను. అన్నిటికంటే తక్కువ 61.2, ఎక్కువ 63.0. ఆ రెండు వారాల్లో నా ఒంట్లో కొవ్వు పెరిగిందీ లేదు, కరిగిందీ లేదు. ఆ 1.8 కిలోలు నీళ్ళు, ఉప్పు, పొట్టలో ఉన్న తిండి. పండగైన వారం లోపల ఎవర్నీ తూచొద్దు. ఇంట్లో రోజూ తూచుకునేవాళ్ళు ఏడు రోజుల సగటు రాసుకోవాలి, ఆ సగటునే పోయిన వారం సగటుతో పోల్చాలి.

నా లెక్క కూడా చెప్పాలి. ఎత్తు 154, సగటు బరువు 62, బీఎంఐ 26.1, నడుము 88. సరైన దాంట్లోకి రావాలంటే 54కి దిగాలి. అంత దూరం ఒక్కసారే పెట్టుకోలేదు. ఉన్న బరువులో అయిదు శాతం తగ్గినా షుగరుకీ, బీపీకీ మేలని వైద్యులు చెబుతారు. నాకు అది మూడు కిలోలు, అంటే 59. కార్డు మీద 59 అనే రాశాను.

అంకెలు చదవరానివాళ్ళ కోసం తాడు పద్ధతి మొదలెట్టాం:

1. పురికొస అరికాలి నుంచి నడినెత్తి దాకా పెట్టి కత్తిరించాలి.
2. సగానికి మడవాలి.
3. ఆ సగం నడుము చుట్టూ కాటుక చుక్క మీదుగా తిప్పాలి. కొసలు కలిస్తే సరే. కలవకపోతే నడుము ఎక్కువ.

నడుము ఎత్తులో సగం దాటకూడదన్న లెక్క ఇది. 22 మందికి తాడు చాలలేదు. టేపు లెక్కలో 17 మందే కదా అంటే, 150 ఎత్తుకి సగం 75. పొట్టివాళ్ళకి తాడు, 80 గీత కంటే కఠినంగా ఉంటుంది. మధ్యలో పడిన ఆ అయిదుగురికీ రెండూ చెప్పాను. తాడు చాలా ఇళ్ళలో అద్దం పక్కన మేకుకి వేలాడుతోంది. మిషను కంటే ఎక్కువ వాడేది అదే.

నాలుగో విడత ఫిబ్రవరి చివర. వదిన మూడు నెలలుగా సాయంత్రం మహేంద్రతనయ వైపు నడుస్తోంది. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోటు పప్పు, ఆకుకూర వడ్డించుకుంటోంది. బరువు 46.4. నాలుగొందల గ్రాములు తగ్గినట్టు లెక్క కాదు, అంత తేడా ఒక్క రోజులోనే వస్తుంది. "ఏటీ తగ్గలేదు" అని మిషను దిగిపోయింది. ఆపి చుక్కలు పెట్టి టేపు వేశాను. 82.4. నమ్మకం కలక్క మళ్ళీ వేశాను, 82.6. మొదటి విడత టేపే, చదివిందీ నేనే. తన తాడు తనే తెచ్చుకుంది, తిప్పి చూసుకుంది. ఇంకా ఏడు సెంటీమీటర్లు చాలదు. నవంబరులో తొమ్మిదిన్నర చాలలేదు.

*ఇప్పటిదాకా ఖర్చు: బ్యాటరీ 40, పురికొస 20. మొత్తం 1,820. మూడో విడత 27, నాలుగో విడత 26. మొత్తం కొలతలు: 113. అయిదో విడతకి ముందు రెండు ఫైబర్ టేపుల్నీ ఇనప టేపు పక్కన పెట్టి చూడాలి.*